ఏడు సీట్లంటే ఏడుగురు పడతారని కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో వారానికోసారి వచ్చే కార్ల పేజీ మా ఇంట్లో ముందు మా ఆయన చదువుతారు, తర్వాత నేను చదువుతా, ఆ తర్వాత మా పెద్దోడు బొమ్మలు కత్తిరించుకుంటాడు. ఈ మూడు నెలల్నుంచి మాత్రం నేను పెన్ను పట్టుకుని మరీ చదువుతున్నా, ఎందుకంటే మేం కారు మార్చాలి. పెద్దోడికి ఆరేళ్లు, చిన్నదానికి రెండున్నర, ఇంకొకరు దారిలో ఉన్నారు, నాకిప్పుడు ఆరో నెల. అత్తయ్య మాతోనే ఉంటారు, ఆవిడకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఇప్పుడున్నది చిన్న హ్యాచ్‌బ్యాక్. మీరే లెక్కేసుకోండి.

పోయిన వారం ఒక ఏడు సీట్ల బండి గురించి అరపేజీ రాశారు. సున్నా నుంచి వంద కిలోమీటర్ల స్పీడుకి ఎన్ని సెకన్లలో పోతుందో రాశారు, స్క్రీన్ ఎన్ని అంగుళాలో, పైన అద్దం ఎంత పొడుగు తెరుచుకుంటుందో, లోపల లైట్లు ఎన్ని రంగులు మారతాయో అన్నీ రాశారు, మూడో వరస గురించి మాత్రం ఒకే ఒక్క ముక్క, "పిల్లలకి సరిపోతుంది" అని. ఏ పిల్లలకండీ? ఆరేళ్లోడికా పదహారేళ్లోడికా? సీటు మీద కూర్చునే పిల్లలకా, సీట్లో పెట్టి బిగించే పిల్లలకా? ఆ ముక్క రాసినాయన అసలు వెనక్కెళ్లి కూర్చున్నాడా అని నాకు డౌటు, ఎందుకంటే ఆ వారమే మేం ఆ బండి చూడ్డానికి వెళ్లాం.

ఇంట్లో వాడే చైల్డ్ సీట్లు రెండూ విప్పి మా ఆయన రెండు చంకల్లో పెట్టుకున్నారు, నేను బట్టలు కుట్టేటప్పుడు వాడే టేపు పట్టుకున్నా, అత్తయ్య చేతికర్ర పట్టుకున్నారు, అలా షోరూమ్‌లో దిగాం. సేల్స్ అబ్బాయి మంచివాడే పాపం, కానీ మమ్మల్ని చూసి ఇల్లు ఖాళీ చేసి వచ్చారేమో అనుకున్నట్టున్నాడు. "సీట్లు ఎందుకు మేడం తెచ్చారు, మా బండిలో ఐసోఫిక్స్ ఉంది కదా" అన్నాడు. ఉంది బాబూ, ఎన్ని చోట్ల ఉంది, ఎక్కడెక్కడ ఉంది అన్నా. ఆ అబ్బాయి బ్రోచర్ తిరగేశాడు. అందులో లేదు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా, ఐసోఫిక్స్ అంటే సీటు వీపూ కింది దిండూ కలిసే సందులో 28 సెంటీమీటర్ల ఎడంతో ఉండే రెండు ఇనప కడ్డీలు, చైల్డ్ సీటు వెనకున్న కొక్కేలు వాటిని టక్కుమని పట్టుకుంటాయి, 1999లో దీన్ని అంతర్జాతీయ ప్రమాణంగా పెట్టారు. బెల్టుతో కట్టేటప్పుడు మనం చేసే తప్పులు తగ్గాలని దీని ఉద్దేశం. అయితే ఆ రెండే సరిపోవు, మూడో ఆధారం కూడా ఉండాలి, లేకపోతే గుద్దుకున్నప్పుడు సీటు ముందుకి తూలిపోతుంది. అది సీటు వీపు మీంచి వెనక్కి వెళ్లే పట్టీ అన్నా అవ్వాలి, నేలకి ఆనే కాలన్నా అవ్వాలి. మా చిన్నదాని సీటుకి కాలుంటుంది. ఆ కాలు సరిగ్గా ఎక్కడ ఆనిందో తెలుసా, నేల కింద సామాను పెట్టుకోమని ఇచ్చిన చిన్న అర మూత మీద. వేలితో కొడితే డొల్ల చప్పుడు. అలాంటి మూత మీద కాలు ఆనించొచ్చో లేదో ఆ బండి మాన్యువల్లో రాసి ఉంటుంది, కొన్ని కంపెనీలు ఆ అరలో నింపడానికి విడిగా ఒక దిమ్మ ఇస్తాయి, కొన్ని వద్దే వద్దంటాయి. షోరూమ్‌లో ఈ సంగతి తెలిసినోళ్లు ఒక్కరు కూడా దొరకలేదు, చివరికి మాన్యువల్ అడిగి తీయించుకుని మా ఆయనే చదివారు. వద్దనే రాసుంది.

తర్వాత టేపు తీశా. రెండో వరసలో కూర్చునే చోట డోరు నుంచి డోరుకి 128 సెంటీమీటర్లు. చైల్డ్ సీటు ఒక్కోటి 44. మూడు పెడితే 132, అక్కడికి ఒక దారి మూసుకుపోయింది. పోనీ చిన్నోళ్లవి, అంటే చిన్నదానిదీ పుట్టబోయేవాళ్లదీ, రెండు సీట్లు చెరో పక్క పెట్టి మధ్యలో అత్తయ్యని కూర్చోబెడదామంటే 88 పోను 40 మిగిలింది, అందులోనూ రెండు బెల్టు బకిల్స్ పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. అత్తయ్య పాపం ట్రై చేశారు. "నన్నేమన్నా పుస్తకం అనుకున్నారా, అరలో దూర్చడానికి" అన్నారు. సేల్స్ అబ్బాయి నవ్వు ఆపుకోలేక అటు తిరిగిపోయాడు.

సరే పెద్దోణ్ణి మూడో వరసకి పంపిద్దాం, వాడికి బూస్టర్, అంటే బెల్టు సరిగ్గా పడేలా ఎత్తు పెంచే దిండు, చాలు కదా అనుకున్నాం. ఇక్కడే ఉంది అసలు తిరకాసు, మీ పేజీలో ఏ రివ్యూలోనూ కనపడనిది. మూడో వరసకి వెళ్లాలంటే రెండో వరస సీటు మడిచి ముందుకి దొర్లించాలి. చైల్డ్ సీటు బిగించి ఉంటే ఆ సీటు దొర్లదు. అంటే పెద్దోడు బండెక్కాలన్న ప్రతిసారీ చిన్నదాన్ని దించి, దాని సీటు విప్పి, రెండో వరస దొర్లించి, వాణ్ణి లోపలికి పంపి, మళ్లీ అన్నీ బిగించాలి, పొద్దున ఎనిమిదింటికి, స్కూలు గంట కొట్టేలోపు. డిక్కీలోంచి ఎక్కిస్తే పోలా అన్నారు మా ఆయన, నేను చూసిన చూపుకి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కొన్ని బండ్లలో ఖాళీ చైల్డ్ సీటు అలాగే ఉండగా మొత్తం సీటు వంగి ముందుకి జరిగే ఏర్పాటు ఉంటుంది, ఇంకొన్నింట్లో రెండో వరసలో రెండే విడివిడి కుర్చీలుండి మధ్యలో సందుంటుంది, పిల్లలు అందులోంచి దూరిపోతారు. ఆ సందున్న బండీ చూశాం. అందులో మా లెక్క ఎలా తేలిందంటే ఆయన డ్రైవింగ్, అత్తయ్య ముందు, చిన్నోళ్లిద్దరూ మధ్యలో, పెద్దోడూ నేనూ మూడో వరసలో. నేను! బాలింతగా! మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని!

ఈ మోకాళ్ల సంగతి కూడా ఎవరూ రాయరు. మూడో వరసలో కాళ్లు పెట్టుకునే చోటు ఎంత పొడుగుందో రాస్తారు, నేలకీ సీటుకీ మధ్య ఎత్తు ఎంతో రాయరు. చాలా ఎస్‌యూవీల్లో నేల ఎత్తుగా ఉంటుంది, కింద ఇరుసులూ ట్యాంకూ అన్నీ ఇమడాలి కాబట్టి, ఎలక్ట్రిక్ బండ్లలో అయితే బ్యాటరీ మొత్తం నేల కిందే పరుస్తారు, పైకప్పు మాత్రం పెరగదు కదా, అంతా కలిపి మనిషి ముక్కాలిపీట మీద కూర్చున్నట్టే ఉంటుంది. పది నిమిషాలకి పర్లేదు, రెండు గంటలు కూర్చుని చూడండి.

నన్నడిగితే కుటుంబం పెద్దదైన వాళ్లకి ఎంపీవీకి, అంటే పెట్టెలా ఉండే ఫ్యామిలీ బండికి, మించింది లేదు, ఎవరేమనుకున్నా సరే. నేల కిందకి ఉంటుంది, డోరు పక్కకి జరుగుతుంది, అత్తయ్యలాంటి వాళ్లు ఎక్కక్కర్లేదు, తిరిగి కూర్చుంటే చాలు. ఇదేం కొత్త సంగతి కాదు, అమెరికాలో క్రైస్లర్ వాళ్లు 1983 చివర్లో డాడ్జ్ క్యారవాన్ తెచ్చారు, యూరప్‌లో 1984లో రెనో ఎస్పాస్ వచ్చింది, రెండూ కుటుంబాల కోసం కట్టిన పెట్టెలే, అందం చందం పక్కన పెట్టి. ఆ క్యారవాన్‌కి మొదట్లో జరిగే డోరు ఒక పక్కే ఉండేది, రెండో పక్క కూడా పెట్టడానికి 1996 మోడల్ దాకా ఆగాల్సొచ్చింది. అంత మంచి డోరుని ఇప్పుడు చాలామంది నామోషీగా చూస్తున్నారు, ట్యాక్సీలా ఉందంటారు. ఇరుకు పార్కింగ్‌లో పక్క బండికి డోరు కొట్టి, దిగొచ్చిన ఆయనకి సారీ చెప్పిన వాళ్లెవరూ ఆ మాట అనరు, మా పెద్దోడి పుణ్యమా అని నేను రెండుసార్లు చెప్పా.

డిక్కీ గురించి. మీరు "570 లీటర్లు" లాంటి అంకె వేస్తారు, బానే ఉంది, కానీ ఆ లీటర్లు ఎలా కొలుస్తారంటే చాలా కంపెనీలు 20 సెంటీమీటర్ల పొడుగు, 10 వెడల్పు, 5 ఎత్తు ఉన్న దిమ్మలు పేరుస్తూ పోతాయి, ఒక దిమ్మ ఒక లీటరు, మూలమూలల్లోకీ పడతాయి. నా స్ట్రోలర్ ఆ దిమ్మల్లా విడిపోదండీ. పైగా ఆ అంకె మూడో వరస మడిచినప్పటిదా, లేపినప్పటిదా, కిటికీల మట్టం వరకా, పైకప్పు వరకా అనేది ఒక్కో కంపెనీ ఒక్కోలా చెప్తుంది. మేం చూసిన బండిలో ఏడు సీట్లూ లేపితే డిక్కీలో నిలబెట్టిన సూట్‌కేసు ఒక్కటి పట్టింది, స్ట్రోలర్ పెడితే తలుపు పడలేదు. అంటే ఏడుగురన్నా వెళ్లాలి, సామానన్నా వెళ్లాలి.

బరువు లెక్క ఇంకో తమాషా. బండి మొత్తం ఎంత బరువుండొచ్చో కంపెనీ చెప్పిన పరిమితిలోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మనుషులకీ సామానుకీ. కొన్ని ఏడు సీట్ల బండ్లలో అది 500 కిలోల చుట్టుపక్కలే ఉంటుంది. ఏడుగురు పెద్దవాళ్లు తలకి 70 అనుకున్నా 490 అయిపోయింది. మిగిలిన పది కిలోల్లో ఊరికెళ్లే సామాను సర్దుకోవాలి మరి. నిండుగా వెళ్లేటప్పుడు టైర్లలో గాలి కూడా వేరేగా పెట్టుకోవాలి, డ్రైవర్ డోరు తీస్తే పక్క స్తంభం మీదో పెట్రోలు మూత లోపలో ఆ అంకెలు అంటించి ఉంటాయి, ఇన్నేళ్లు కారు నడిపి నేను మొన్నే చూశా. స్టెప్నీ ఉందా లేక పంక్చర్ పూడ్చే గమ్ము డబ్బా ఇచ్చి చేతులు దులుపుకున్నారా అన్నది కూడా చూసుకోండి, ఉన్నా గానీ డిక్కీ మొత్తం రోడ్డు మీద ఖాళీ చేస్తేనే బయటికొస్తుందేమో చూసుకోండి.

స్టార్ల సంగతి. "ఫైవ్ స్టార్ సేఫ్టీ" అని మీ పేజీలోనే పెద్దక్షరాల్లో వేశారు, ఏ సంవత్సరం టెస్టో వెయ్యలేదు. యూరో ఎన్‌క్యాప్ అనే యూరప్ సంస్థ 1997 నుంచి బండ్లని గుద్దించి చూస్తోంది, టెస్టులు ఎప్పటికప్పుడు కష్టం చేస్తూ పోతారు, అందుకే పాత స్టార్లకి విలువ కరిగిపోతూ ఉంటుంది. ఫియట్ పుంటో 2005లో అయిదు స్టార్లు తెచ్చుకుంది, దాన్నే 2017లో కొత్త రూల్స్‌తో మళ్లీ టెస్ట్ చేస్తే సున్నా వచ్చింది. 2025 దాకా వాళ్లు చేసిన టెస్టుల్లో పెద్దవాళ్లకి ఎంత, పిల్లలకి ఎంత అని విడిగా మార్కులుంటాయి, మాకు కావాల్సింది ఆ రెండోది, మీరు వేసేది మొత్తం కలిపింది. కిటికీల మీదకి పరదాలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు మూడో వరస దాకా వస్తాయా రావా అన్న ప్రశ్నకి షోరూమ్‌లో "అన్నీ ఉంటాయి మేడం" అన్నారు, పైకప్పు అంచున ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఎంతవరకు ఉందో మేమే వెతుక్కున్నాం, రెండో వరసతో ఆగిపోయింది. వెనక్కి తిరిగి ఉండే పసిపాప సీటుని ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉన్న ముందు సీట్లో ఎప్పుడూ పెట్టకూడదని సన్‌వైజర్ మీద బొమ్మేసి ఉంటుంది, అది చూసి కూడా పెట్టేవాళ్లని చూశా. పసివాళ్ల తల ఒంట్లో నాలుగో వంతు ఉంటుంది, మెడ ఇంకా లేతగా ఉంటుంది, వెనక్కి తిరిగుంటే ఆ కుదుపుని వీపు మొత్తం పంచుకుంటుంది, కొత్త యూరప్ ప్రమాణం ప్రకారం కనీసం 15 నెలల వరకు అలాగే ఉంచాలి. అలా తిప్పి పెట్టినప్పుడు ఆ సీటు ముందు సీటుని తోసేస్తుంది, పొడుగ్గా ఉన్న మా ఆయన డ్రైవింగ్ సీట్లో స్టీరింగ్‌ని కావలించుకోవాల్సి వచ్చింది. ఇది కూడా బ్రోచర్లో ఉండదు, కూర్చుంటేనే తెలుస్తుంది.

ఇంక నమ్మకం విషయం, అంటే దారిలో ఆగిపోని బండి. ఇది మా ఆయన డిపార్ట్‌మెంటు, రాత్రిళ్లు కూర్చుని చదివారు. మీరు "క్వాలిటీ సర్వేలో ఫస్ట్" అని వేస్తారు కదా, జేడీ పవర్ అనే అమెరికా సర్వే కంపెనీ వాళ్ల సర్వేల్లో ఒకటి బండి కొన్న మొదటి 90 రోజుల గురించి, ఇంకోటి మూడేళ్లు వాడాక, రెండిటికీ చాలా తేడా. అందులో ఫోను బ్లూటూత్‌కి కలవకపోయినా ఒక కంప్లైంటే, గేర్‌బాక్సు పోయినా ఒక కంప్లైంటే. జర్మనీలో అయితే టీయూవీ వాళ్లు తప్పనిసరి తనిఖీలకి వచ్చిన బండ్లలో ఎన్నిట్లో లోపాలు దొరికాయో వయసు వారీగా లెక్క తీస్తారు, ఏడీఏసీ అనే క్లబ్ రోడ్డు మీద ఆగిపోయి సాయం కోసం ఫోన్ చేసిన బండ్ల లెక్క తీస్తుంది. నాకు ఈ చివరిదే నచ్చింది, పిల్లలతో రోడ్డు పక్కన నిలబడ్డ వాళ్ల లెక్క అది.

ఇంకోటి, బండి మంచిదా కాదా కంటే మన వాడకానికి మంచిదా అని అడగాలట. మాది రోజూ స్కూలు, ఆఫీసు, క్లినిక్కు, అన్నీ నాలుగైదు కిలోమీటర్లే. కొత్త డీజిల్ బండ్లలో పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, అది వేడెక్కి మసిని కాల్చుకోవాలంటే బండి కాసేపు ఆగకుండా స్పీడుగా పోవాలి, మా లాంటి వాళ్ల చేతిలో పడితే ఆ ఫిల్టర్ పూడుకుపోతుంది. మైలేజీ చూసి డీజిల్ కొందామనుకున్న ప్లాన్ అక్కడితో ఆగింది. పెట్రోల్లో కూడా ఇంజన్ లోపల వాల్వుల్ని నడిపేది టైమింగ్ బెల్టా, గొలుసా అని అడగండి, బెల్టయితే ఎన్ని కిలోమీటర్లకి మార్చాలో మాన్యువల్లో చూడండి, చాలా ఇంజన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజన్ మొత్తం పనైపోతుంది. కొత్తగా దిగిన మోడల్ మొదటి ఏడాది కొనకపోవడమే మంచిదని మా మెకానిక్ అంటాడు, ఆ ఏడాది కొన్నవాళ్లే టెస్ట్ డ్రైవర్లంట.

ఇవన్నీ చూశాక మేం కొత్త బండి ఆలోచన వదిలేసి సెకండ్ హ్యాండ్ ఎంపీవీలు చూస్తున్నాం, రెండో వరసలో మూడూ విడివిడి సీట్లు, మూడిటికీ ఐసోఫిక్స్ ఉండేవి. మొదట చూసింది తళతళలాడిపోతోంది, లోపల సెంటు వాసన. మా మెకానిక్ ఏం మాట్లాడకుండా వెనక సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. ఎప్పుడూ ఎవరూ అంత దూరం లాగరు. ఆ చివర జానెడు మేర ఎండిన బురద చార, గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. నీళ్లలో మునిగిన బండి. అమ్మే అతను ఫోన్ వచ్చినట్టు బయటికెళ్లిపోయాడు. టైరు మీద గుండ్రటి గడిలో నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం, అవి చూస్తే నాలుగు టైర్లూ నాలుగు వేరే సంవత్సరాలవి. 20 వేల కిలోమీటర్లే తిరిగిందన్నారు, బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయింది.

కాబట్టి ఎడిటర్ గారూ, నా కంప్లైంట్ చిన్నదే. కార్ల పేజీ రాసేవాళ్లకి షోరూమ్‌ల నుంచి బండ్లు వస్తాయి, రెండు మూడు రోజులు వాళ్ల దగ్గరుంటాయి, మాకు దొరికేది సేల్స్ అబ్బాయి పక్కన కూర్చోగా పావుగంట. ఆ రెండు రోజుల్లో ఒక గంట రెండు చైల్డ్ సీట్లు బిగించి మూడోది పడుతుందేమో చూడండి, అవి ఉండగా మూడో వరసకి దారి ఉందేమో చూడండి, ఏడు సీట్లూ లేపి స్ట్రోలర్ పెట్టి డిక్కీ వేసి చూడండి, పడితే పడిందని, పడకపోతే పడలేదని రెండు లైన్లు వేయండి. సెకన్లు రాసే చోట అవి రాయొచ్చు, మా ఇంట్లో ఎవరికీ వందకి ఎన్ని సెకన్లో అక్కర్లేదు, చిన్నది నలభై దాటితే వాంతి చేసుకుంటుంది.

చైల్డ్ సీట్లు లేవంటే మావి రెండూ ఇస్తాం, పనయ్యాక తిరిగిచ్చేయండి, మూడోది ఇంకా కొనలేదు. మూడో వరస ఎక్కి చూడ్డానికి మనిషి కావాలంటే మా అత్తయ్య వస్తానంటున్నారు, తిరిగి ఇంటి దగ్గర దింపాలట.

ఇట్లు,
మీ పాఠకురాలు